పేరు తీసేశారు, సీను తీసెయ్యలేకపోయారు: థెరీసా హారిస్ సంగతి

హీరో రాబర్ట్ మిచమ్ పారిపోయిన ఒకమ్మాయిని వెతుక్కుంటూ న్యూయార్క్‌లోని హార్లెంలో నల్లవాళ్ల క్లబ్బుకి వస్తాడు. 1947లో వచ్చిన ఔట్ ఆఫ్ ద పాస్ట్ సినిమాలో సీను ఇది. అక్కడ టేబుల్ దగ్గర తనవాడితో కూర్చుని ఉంటుంది యూనిస్, పారిపోయిన అమ్మాయి దగ్గర ఇంతకుముందు పనిచేసిన మనిషి. పనిమనిషి యూనిఫాం లేదు, చక్కగా ముస్తాబై బయటికొచ్చిన ఆడమనిషిలా ఉంటుంది, ఆ రాత్రి తనది. మిచమ్ అడుగుతాడు, ఆ అమ్మాయి ఫ్లోరిడా వెళ్లిపోయిందని యూనిస్ చెప్తుంది, మాటల్లో మాటగా ఆ అమ్మాయి టీకా వేయించుకుందనీ దాంతో ఒంట్లో బాగాలేదనీ కూడా వస్తుంది. అంతే, సీను అయిపోయింది. ఫ్లోరిడా వెళ్లేవాళ్లకి టీకా ఎందుకు, మెక్సికో వెళ్లేవాళ్లకి కావాలి గానీ, అని మిచమ్‌కి అక్కడే వెలుగుతుంది, మిగతా సినిమా అంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది.

నేను ఈ సినిమా మొదటిసారి చూసినప్పుడు యూనిస్‌గా వేసినావిడ ఎవరా అని క్రెడిట్స్ వెనక్కి తిప్పి మరీ చూశా, పేరు లేదు. ఆవిడ థెరీసా హారిస్. 1929 నుంచి 1958 దాకా దాదాపు 30 ఏళ్లు హాలీవుడ్‌లో పనిచేసింది, పదులకొద్దీ సినిమాలు, చాలావాటిలో పనిమనిషి, చాలావాటిలో తెర మీద పేరు వెయ్యలేదు.

ఆవిడ గురించి రాసేవాళ్లు ఎక్కువగా "పాపం, అవకాశాలు రాలేదు" అని రాసి వదిలేస్తారు. అది నిజమే గానీ సగం నిజం. అసలు చూడాల్సింది ఆవిడ సీన్లు సినిమాలో ఎక్కడ కుట్టి ఉన్నాయి అనేది, ఎందుకంటే అప్పట్లో అమెరికాలో నల్లజాతి నటి కెరీర్‌ని నిర్ణయించింది టాలెంట్ కాదు, కత్తెర. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్లు కాస్త గౌరవంగా కనిపిస్తే ఊరుకునేవాళ్లు కాదు. దక్షిణాది ఊరు మెంఫిస్‌లో లాయిడ్ బిన్‌ఫర్డ్ అనే ఆయన 1928 నుంచి పాతికేళ్లకి పైగా సెన్సార్ బోర్డుని ఏలాడు, అలాంటి సీన్లు కనబడితే తీసేయించడమే. స్టూడియోలు దానికి తగ్గట్టే సినిమా తీయడం నేర్చుకున్నాయి. నల్లజాతి గాయని లీనా హార్న్ సంగతి చూడండి, ఎంజీఎం లాంటి పెద్ద కంపెనీలో కాంట్రాక్ట్, అద్భుతమైన గొంతు, అయినా ఆమె పాటలు చాలావరకు కథతో సంబంధం లేకుండా విడిగా తీసేవాళ్లు, స్తంభానికి ఆనుకుని ఒక పాట పాడుతుంది, మళ్లీ కనబడదు, దక్షిణాది థియేటర్‌కి వెళ్లేటప్పుడు ఆ ముక్క ఊడబీకేస్తే కథకి చిన్న గీత కూడా పడదు. పేరు పడేది, మనిషి మాయమైపోయేది.

థెరీసాకి దీనికి సరిగ్గా రివర్స్‌లో జరిగింది, పేరు పడేది కాదు, సీను మాత్రం కథలో ఉండిపోయేది.

ఆవిడ 1906లో టెక్సాస్‌లోని హ్యూస్టన్‌లో పుట్టింది, సంగీతం నేర్చుకున్న మనిషి, మొదటి సినిమా థండర్‌బోల్ట్‌లో నైట్‌క్లబ్ సింగర్‌గానే కనిపించింది. సన్నగా, నాజూగ్గా, హీరోయిన్ లాంటి ముఖం. అదే ఆవిడకి శాపమైందని నాకనిపిస్తుంది. గాన్ విత్ ద విండ్‌కి ఆస్కార్ తెచ్చుకున్న హాటీ మెక్‌డానియల్ గొప్ప నటి, అందులో డౌటే లేదు, కానీ హాలీవుడ్ ఆమెని లావుపాటి, పెద్ద వయసు, అమ్మలాంటి పనిమనిషి అనే అచ్చులో పోసి పెట్టుకుంది, ఆ అచ్చు వల్ల తెల్ల హీరోయిన్‌కి ఏ ఇబ్బందీ లేదు. థెరీసా పక్కన నిలబడితే మాత్రం చూసేవాళ్ల కళ్లు అటు పోతాయి.

ఆ కళ్లు అటు పోనిచ్చిన సినిమా ఒకటుంది, 1933లో వార్నర్ బ్రదర్స్ తీసిన బేబీ ఫేస్. బార్బరా స్టాన్‌విక్ హీరోయిన్, పేరు లిలీ, పెన్సిల్వేనియాలో తండ్రి నడిపే దొంగసారా కొట్లో నలిగిపోతున్న పిల్ల. థెరీసా అక్కడ పనిచేసే చీకో. చీకోని తీసేస్తానని తండ్రి అంటే, అది పోతే నేనూ పోతానని లిలీ తెగేసి చెప్తుంది. తండ్రి చచ్చిపోయాక ఇద్దరూ గూడ్సు బండెక్కి న్యూయార్క్ పారిపోతారు, గడ్డి పరిచిన పెట్టెలో రైల్వేవాడికి దొరికిపోతారు, లిలీ వాడిని తన దారికి తెచ్చుకుంటుంటే చీకో పక్కకి తప్పుకుని సెయింట్ లూయిస్ బ్లూస్ పాట అందుకుంటుంది. ఆ పాట అక్కడ ఊరికే కాలక్షేపానికి లేదు. ఇద్దరికీ ఏం జరుగుతోందో తెలుసు, బతకాలంటే ఇదే దారని తెలుసు, ఆ తెలిసినతనమంతా చీకో గొంతులో ఉంది. తర్వాత లిలీ బ్యాంకులో అంతస్తు తర్వాత అంతస్తు ఎక్కుతూ ఒక్కో మగాణ్ణీ వదిలేస్తూ పోతుంది, చీకోని మాత్రం వదలదు. పై అంతస్తుకి వెళ్లాక చీకో మళ్లీ పనిమనిషి బట్టల్లోనే ఉంటుంది కదా అని ఎవరైనా అడగొచ్చు, న్యాయమైన ప్రశ్నే, కానీ సినిమా మొత్తంలో లిలీ నమ్మిన మనిషి ఎవరని చూస్తే చాలాసేపు చీకో ఒక్కతే. ఆమెని తీసేస్తే లిలీకి మనసుందనే నమ్మకం కూడా పోతుంది.

అదే ఏడాది జీన్ హార్లో, క్లార్క్ గేబుల్ చేసిన హోల్డ్ యువర్ మ్యాన్‌లో థెరీసాది ఆడవాళ్ల జైల్లో హార్లోతో పాటు ఉండే పాస్టర్ కూతురి వేషం. హీరో హీరోయిన్లకి అక్కడే పెళ్లి చేసేది ఆ నల్లజాతి పాస్టరే. ఎంజీఎం ఏం చేసిందంటే అదే పెళ్లి సీనుని తెల్ల పాస్టర్‌తో ఇంకోసారి తీసి దక్షిణాదికి ఆ వెర్షన్ పంపింది! కత్తెరతో పని జరగకపోతే మనిషినే మార్చేశారు. ఇంకోవైపు ప్రొఫెషనల్ స్వీట్‌హార్ట్‌లో జింజర్ రోజర్స్ రేడియో స్టార్, థెరీసా ఆమె పనిమనిషి వేరా, కథలో ఒకచోట స్టార్ బదులు వేరాయే మైకు ముందుకెళ్లి పాడుతుంది, అదరగొడుతుంది. కథని మలుపు తిప్పే పాట, అయినా క్రెడిట్స్‌లో పేరు లేదు.

1934 జులై నుంచి ప్రొడక్షన్ కోడ్, అంటే సినిమాల్లో ఏం చూపించకూడదో చెప్పే హాలీవుడ్ నియమాలు, గట్టిగా అమలయ్యాక చీకో లాంటి పాత్రలు పుట్టడమే ఆగిపోయింది. 1937లో నల్లజాతి నటులతో తీసిన బార్గెయిన్ విత్ బుల్లెట్స్‌లో ఆవిడే హీరోయిన్, ఆ టైంలోనే ఫే జాక్సన్ అనే నల్లజాతి జర్నలిస్టుతో మాట్లాడుతూ హాలీవుడ్‌లో పనిమనిషి వేషాన్ని దాటి పైకి పోయే ఆశ తనకి లేదని ఓపెన్‌గానే చెప్పింది. 1940లో బక్ బెన్నీ రైడ్స్ అగైన్‌లో నల్లజాతి కమెడియన్ ఎడ్డీ రోచెస్టర్ ఆండర్సన్‌తో ఒక పాట, డాన్స్. అది చూస్తే నాకు కోపం వస్తుంది, ఇంత హుషారు, ఇంత నేర్పు ఉన్న మనిషి చేత ఇన్నేళ్లు కాఫీ ట్రేలు మోయించారు.

దర్శకుల్లో జాక్ టూర్నర్‌కి మాత్రం ఆవిడ విలువ తెలుసని నేను గట్టిగా నమ్ముతా. క్యాట్ పీపుల్‌లో హోటల్ వెయిట్రెస్, ఐ వాక్డ్ విత్ ఎ జాంబీలో దీవి సంగతులన్నీ తెలిసిన ఆల్మా, ఆ తర్వాత యూనిస్, మూడూ ఆయన సినిమాలే. మూడూ చిన్న వేషాలే, కానీ ఒక్కదాంట్లో కూడా ఆమెని వెకిలిగా చూపించలేదు, నవ్వించడానికి కళ్లు తిప్పించలేదు, మామూలు మనిషిలా మాట్లాడనిచ్చాడు.

1974లో బ్లాక్ ఫిల్మ్‌మేకర్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆవిడ పేరు చేర్చారు, 1985లో చనిపోయింది. బేబీ ఫేస్‌ని న్యూయార్క్ సెన్సార్‌వాళ్లు ఒప్పుకోక అప్పట్లోనే కోసేశారు, గూడ్సు బండి సీనుకి కూడా కోత పడింది, 70 ఏళ్లు జనం చూసింది ఆ కోసిన ముక్కే. 2004లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో కోత పడని నెగటివ్ దొరికింది. దాంట్లో గడ్డి మీద కూర్చున్న లిలీ ఉంది, రైల్వేవాడు ఉన్నాడు, పక్కకి తప్పుకుని పాడుతున్న చీకో ఉంది.