రాజీనామా ముందా, లాసెట్ ముందా?

‘కల నెరవేరాలంటే ముందు ఉద్యోగం వదలాలి, రెండో దారి ఉంచుకున్నవాడు గెలవడు, లెక్కలు వేసేవాడు పిరికివాడు, ముప్పై దాటితే ఇక అయ్యేది లేదు’ అనే సందేశం విజయవాడ, గుంటూరు వాట్సాప్ గ్రూపుల్లో విరివిగా తిరుగుతోంది. బెంజి సర్కిల్ దగ్గర ఏ ప్రైవేటు బ్యాంకులోనో పనిచేస్తూ న్యాయవాది కావాలనుకునే మనిషి దీన్ని నమ్మితే ఏమవుతుందో చూద్దాం.

ముందు ఉద్యోగం వదలాలన్న మాటలో కొంత నిజం లేకపోలేదు. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీని దూరవిద్యలో చదివితే న్యాయవాద వృత్తిని పర్యవేక్షించే బార్ కౌన్సిల్ గుర్తించదు, తరగతులకు 70 శాతం హాజరు ఉండాలి, న్యాయవాదిగా నమోదయ్యాక పూర్తికాలపు జీతపు ఉద్యోగం చేయకూడదు. కాబట్టి ఉద్యోగం ఏదో ఒకనాడు వదలక తప్పదు. అయితే ఆ రోజును నిర్ణయించేది ధైర్యం కాదు, కాలేజీలో తరగతులు మొదలయ్యే తేదీ. న్యాయవిద్య ప్రవేశ పరీక్ష అయిన లాసెట్‌కు చదవడానికి, ర్యాంకు తెచ్చుకోవడానికి, కౌన్సెలింగ్‌లో సీటు ఖాయం చేసుకోవడానికి రాజీనామాతో పనిలేదు. సీటు రాకముందే జీతం పోగొట్టుకోవడాన్ని సాహసమని ఎవరు మెచ్చుకుంటారో నాకు తెలియదు.

లెక్కలు పిరికితనమన్నది ఈ సందేశంలోకెల్లా హాని చేసే మాట. శాశ్వత ఉద్యోగికి గ్రాట్యుటీ రావాలంటే సాధారణంగా 5 ఏళ్ల నిరంతర సర్వీసు, పీఎఫ్ పింఛనుకు 10 ఏళ్ల సర్వీసు ఉండాలి. ఆ గడువుకు కొద్ది నెలల దూరంలో ఉన్నవాడు ఆగితే తప్పేమిటి? పైగా చదువు మూడేళ్లతో ఆదాయం లేని కాలం ముగియదు. సీనియర్ల దగ్గర పని నేర్చుకునే జూనియర్ న్యాయవాదులకు నెలకు పట్టణాల్లో 20,000, గ్రామాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ 2024 అక్టోబరులో చెప్పినా అది సిఫారసే తప్ప ఆదేశం కాదు. అందువల్ల ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, పాత అప్పుల వాయిదాలు అన్నీ కలిపి మూడేళ్లకు కాదు, అయిదేళ్లకు లెక్క కట్టుకోవడమే క్షేమం.

ఇక వయసు సంగతి. 45 ఏళ్లు దాటినవారిని నమోదు చేసుకోరాదన్న నిబంధనను సుప్రీంకోర్టు 1995లోనే కొట్టివేసింది కనుక న్యాయవాది కావడానికి ముప్పై అడ్డు కాదు. సివిల్ జడ్జి కావాలనుకుంటే మాత్రం వేరు: ఆ పోస్టుకు వయోపరిమితి ఉంది, దానికి తోడు 2025 మేలో సుప్రీంకోర్టు మూడేళ్ల ప్రాక్టీసును తప్పనిసరి చేసింది. అంటే కోరిక న్యాయవాద వృత్తి మీదా, న్యాయమూర్తి కుర్చీ మీదా అన్నది ముందే తేలాలి.

అది తేల్చుకోవడానికీ రాజీనామా అక్కర్లేదు. కోర్టు విచారణలు సాధారణంగా బహిరంగంగానే జరుగుతాయి. ఓ వారం సెలవు పెట్టి విజయవాడ కోర్టుల సముదాయంలో ఉదయం నుంచి సాయంత్రం దాకా కూర్చుంటే వాదనలెన్ని, వాయిదాలెన్ని, ఖాళీగా ఎదురుచూసే జూనియర్లెందరో కళ్లారా చూడవచ్చు.