టిక్కులు లెక్కపెడితే డాల్ఫిన్లు తేలవు

ఒడిశాలో బరంపురం, గోపాల్‌పూర్ వైపు మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో అక్కడి చిలికా సరస్సు డాల్ఫిన్ల మీద ఒక ఆడియో తిరుగుతోంది. కింద ఇలా రాసి ఉంది: "చిలికాలో మైకు వేస్తే వినబడే ప్రతి చప్పుడూ ఒక డాల్ఫిన్. చప్పుడు లేదంటే డాల్ఫిన్ లేదు. ఇంక పడవల మీద తిరిగి లెక్కపెట్టడం దండగ."

ముందు ఆ ఆడియో సంగతి. పోపులో ఆవాలు చిటపటలాడినట్టుంది. కొండిని చిటుక్కున మూసి చప్పుడు చేసే చిన్న రొయ్యలు అచ్చం అలాగే వినిపిస్తాయి. డాల్ఫిన్ టిక్కులంటే ప్రతిధ్వనితో ఎరని పసిగట్టడానికి అది వదిలే చిన్న చప్పుళ్లు. వాటి బలమంతా మన చెవికి వినబడే హద్దు 20 కిలోహెర్ట్జ్‌కి చాలా పైన ఉంటుంది, అది మనకి అందదు.

"ప్రతి చప్పుడూ ఒక డాల్ఫిన్" అన్నది అసలు తప్పు. ఎర వెతికే డాల్ఫిన్ సెకనుకు పదుల టిక్కులు వదులుతుంది, ఎర దగ్గరయ్యేకొద్దీ అవి వందలవుతాయి. ఆ మెసేజ్ లెక్కన ఒక్క డాల్ఫిన్ నిమిషంలో వేల డాల్ఫిన్లయిపోతుంది! నిజమైన లెక్కకి మూడు సంగతులు తెలియాలి: ఒక్కో జంతువు సగటున ఎన్ని టిక్కులు చేస్తుంది, మైకుకి ఎంత దూరం నుంచి వినబడుతుంది, టిక్కులని యంత్రం పట్టినవాటిలో వేరే చప్పుళ్లెన్ని. బహామాస్ దగ్గర ముక్కు తిమింగలాల్ని ఇలాగే లెక్కగట్టి 2009లో ప్రచురించారు. సముద్రం అడుగున 82 మైకులు, లక్షల టిక్కులు. కొన్ని తిమింగలాలకి రికార్డర్లు అంటించి ఒక్కోదాని సగటు పట్టారు. యంత్రం గుర్తించినవాటిలో దాదాపు సగం ఆ తిమింగలాలవే కావని తేలింది. అన్నీ తీసేసి భాగిస్తే వెయ్యి చదరపు కిలోమీటర్లకి సుమారు పాతికే మిగిలాయి.

"చప్పుడు లేదంటే డాల్ఫిన్ లేదు" అన్నది కూడా నిలవదు. టిక్కు టార్చిలైటులా ముందుకే పోతుంది. డాల్ఫిన్ అటు తిరిగితే మైకుకి అందకపోవచ్చు, పక్కనే మోటారు బోటు పోతే అందులో కలిసిపోవచ్చు.

ఇక పడవల మీద లెక్క దండగన్న మాట. మెక్సికోలో అంతరించిపోతున్న వకీటాల్ని (డాల్ఫిన్ లాంటి చిన్న సముద్ర జంతువులు) 2015లో పడవల మీద కళ్లతోనూ, నీళ్లలో మైకులతోనూ కలిపి చూసి సుమారు 60 అన్నారు. మరుసటి ఏడాది అవి సగానికి పడిపోయాయని పట్టించింది మైకులే. కానీ మైకులు చెప్పింది ఎంత తగ్గాయన్నదే. 2016లో సుమారు 30 మిగిలాయన్న అంకె 2015 నాటి ఆ 60 మీద కట్టిందే.