బండికి కవచం, మనిషికి టీషర్టు

పోయిన నెల ఒక మిత్రుడు నా రైడింగ్ జాకెట్‌ను రెండు వేళ్లతో, చచ్చిన ఎలుకను ఎత్తినట్టు ఎత్తి, మోచేతి దగ్గరి ప్యాడ్ బయటికి లాగి పిసికి చూసి, "ఈ స్పాంజి ముక్కకా అంత పోశావు? పిచ్చా నీకు?" అన్నాడు.

పెట్టుబడుల విషయంలో వాడి మాట కొట్టిపారేసేది కాదు. ఆర్నెల్లుగా బండి మీద వాడు పెడుతున్న పెట్టుబడులు కళ్లారా చూస్తున్నాను. ఇంజనుకు క్రాష్ గార్డు, రేడియేటరుకు జాలీ, హెడ్‌లైటుకు గ్రిల్లు. ట్యాంకు మీద గీతలు పడకుండా ఫిల్మ్. అది అతికించిన రోజు ఒక్క బుడగ మిగిలిపోయిందని, రాత్రి పదకొండింటికి ఒక చేత్తో హెయిర్ డ్రయ్యర్, ఇంకో చేత్తో సూది పట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. కంటి ఆపరేషన్ చేసే డాక్టర్‌కి కూడా అంత టెన్షన్ ఉండదు. ఫ్రేముకు రెండు పక్కలా నైలాన్ స్లైడర్లు కూడా పెట్టించాడు. "పడితే ఇవే రోడ్డుకు రాసుకుని అరుగుతాయి, బండికి ఏమీ కాదు" అని నాకు ఓపిగ్గా వివరించాడు. అప్పుడు వాడి ఒంటి మీద నిక్కరు, టీషర్టు, కాళ్లకు స్లిప్పర్లు.

"మరి నీకేం అరుగుతుంది?" అన్నాను.

"నేనెందుకు పడతాను?"

బండొక్కటే పడుతుందన్నమాట. వీడు గాల్లో ఆగి, అది జారడం అయిపోయాక దిగుతాడు కాబోలు.

లెక్క ప్రకారం వాడిదే న్యాయం. ట్యాంకు గీసుకుపోతే రంగుకు డబ్బులు పోయాలి. చర్మం ఉచితంగా మొలుస్తుంది. గాయంలో ఇరుక్కున్న కంకరను ఆసుపత్రిలో బ్రష్షు పెట్టి తోముతారే, దాన్ని ఖర్చు కింద రాయకూడదు, అనుభవం కింద రాసుకోవాలి. మామూలు జీన్స్ రోడ్డు మీద జారితే క్షణంలో చిల్లు పడుతుంది. మంచి తోలు జాకెట్ మాత్రం అనవసరంగా పదేళ్లు మన్నుతుంది. ఇక ఆ స్పాంజి ముక్కకు యూరప్‌లో పరీక్ష ఉంది. ప్యాడ్‌ను దాటి లోపలికి వెళ్లే దెబ్బ బలం సగటున లెవెల్ 1 రకంలో 35 కిలోన్యూటన్లు, ఇంకా గట్టిదైన లెవెల్ 2 రకంలో 20 కిలోన్యూటన్లు మించకూడదు. వాడి టీషర్టు ఏ లెవెలో నాకు తెలీదు.

నేను ఒకసారి పడ్డాక హెల్మెట్ మార్చేస్తే అప్పుడూ నవ్వాడు. "పైన చిన్న గీతేగా!" లోపలి థర్మోకోల్ లాంటి పొర తాను నలిగి దెబ్బను మింగుతుందని, ఒకసారి నలిగితే మళ్లీ ఉబ్బదని చెప్పాను. వినలేదు. 1935లో 'లారెన్స్ ఆఫ్ అరేబియా'గా పేరుపడ్డ బ్రిటిష్ సైనికాధికారి టి.ఇ. లారెన్స్ మోటార్‌సైకిల్ మీంచి పడి తల పగిలి చనిపోయాడు. అతనికి వైద్యం చేసినవాళ్లలో ఒకడైన హ్యూ కెయిర్న్స్, సైన్యంలో బండి నడిపేవాళ్ల తల గాయాల గురించి, హెల్మెట్ గురించి 1941లోనే వ్యాసం రాశాడు. ఎనభై ఏళ్లు దాటింది. మావాడికి ఇంకా అందలేదు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. నాకు మండేది ఇంకోచోట. వాడికి హెల్మెట్ ఉంది, ఒక్కటే. వెనక కూర్చునే భార్యకు లేదు. ముందు కూర్చునే ఏడేళ్ల పిల్లకు లేదు. ఎక్కడ కూర్చుంటుందా పిల్ల? ఆ ట్యాంకు మీదే! గీత పడకూడదని అర్ధరాత్రి దాకా సూదితో పొడిచిన ఆ ఫిల్మ్ మీద, వట్టి తలతో! అడిగితే "దగ్గరికేగా" అంటాడు. దగ్గరికి వెళ్లేవాళ్లకు రోడ్డేమైనా మెత్తబడుతుందా? నీ తల నీ ఇష్టంరా, ఆ రెండు తలలు ఎవడిచ్చాడు నీకు? సిగ్గుండాలి.

మొన్న ఆదివారం ఫోన్ చేశాడు. స్పీకర్‌లో. రెండు అరచేతులకూ కట్లు కాబట్టి ఫోన్ పట్టుకోలేడట. ఇసుక మీద బండి జారిందట. అదృష్టం, ఒక్కడే ఉన్నాడు.

"చెప్పానా, స్లైడర్లు భలే పనిచేశాయిరా! ట్యాంకు మీద ఒక్క గీత లేదు."

కాసేపు ఆగి, గొంతు తగ్గించి అన్నాడు: "అవునూ, నీ పాత హెల్మెట్ అటక మీద ఉందిగా, పడినప్పటిది? పారేయకు. పిల్లకు ఇస్తాను. కొత్తది కొనడం దండగ."