‘ఎంత?’ అని అడగని భక్తి

తిరుమల కొండ మీది దేవుడు అప్పులవాడు. పెళ్లి ఖర్చుకు కుబేరుడి దగ్గర సొమ్ము తీసుకుని, బ్రహ్మ, శివుడు, రావిచెట్టు సాక్షులుగా పత్రం రాసిచ్చాడనీ, కలియుగాంతం దాకా వడ్డీ కడుతూనే ఉంటాడనీ స్థలపురాణం. అందుకే ఆయన వడ్డీకాసులవాడు. భద్రాచలం రాముడిది ఇంకో తీరు. సర్కారు పన్ను సొమ్ముతో గుడి కట్టించి గోల్కొండ చెరసాల పాలైన గోపన్న బాకీని, తానీషాకు ఆరు లక్షలు కట్టి తీర్చాడనీ, రశీదు కూడా పుచ్చుకున్నాడనీ కథ. ఒకరు అప్పు చేసిన దేవుడు, ఇంకొకరు అప్పు తీర్చిన దేవుడు. ఇలాంటి దేవుళ్లున్న నేల మీద మనిషి తన అప్పు సంగతి నోరు విప్పి చెప్పుకోలేక చచ్చిపోతున్నాడు. ఈ మాట అలంకారానికి అనడం లేదు, పేపర్లో జిల్లా పేజీ చదివేవాళ్లకు తెలుసు.

2019లో జాతీయ నమూనా సర్వే తీసిన లెక్క ఒకటి అందరూ ఉటంకిస్తుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో సేద్యం చేసే ప్రతి వంద కుటుంబాల్లో 93, తెలంగాణలో దాదాపు 92 అప్పుల్లో ఉన్నాయి. దేశం మొత్తం మీద చూస్తే 50. ఆంధ్రాలో ఒక్కో సేద్యపు కుటుంబం నెత్తిన సగటున 2,45,554 రూపాయలు. ఈ అంకెలతో ప్రభుత్వాలను తిట్టడం మామూలే, తిట్టాలి కూడా. నన్ను కలవరపెట్టేది వేరే సంగతి. వందకు 93 ఇళ్లలో ఉన్నదాన్ని ఆ 93 ఇళ్లూ పక్కింటికి తెలియకుండా ఎలా దాచుకోగలుగుతున్నాయి? ఊరంతా అప్పులే. అయినా ఏ ఇంటికా ఇల్లు అది తమకొక్కరికే వచ్చిన రోగమన్నట్టు తలుపేసుకుని కూర్చుంటుంది.

ఆ తలుపు కొట్టగలిగింది, నా లెక్కలో, ఆ ఇంటివాళ్లు వారం వారం వెళ్లే గుడి, చర్చి, మసీదే. బ్యాంకుకు ఆ పని రాదు. గ్రామ సచివాలయానికి అసలే రాదు. కానీ మన భక్త బృందాలు తలుపు కొట్టడం మానేసి, తలుపు బయటే నిలబడి ప్రార్థన చేసి వెళ్లిపోతున్నాయి.

మా పిన్ని వెళ్లే చర్చిలో శుక్రవారం ఆడవాళ్ల ఉపవాస ప్రార్థన ఉంటుంది. గుంటూరు జిల్లాలో చిన్న పట్నం, రేకుల షెడ్డు, నేల మీద చాపలు, మోకాళ్ల నొప్పులవాళ్లకు నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. పాస్టరమ్మగారు ఒక లాంగ్ నోట్‌బుక్కులో ప్రార్థన అంశాలు రాసుకుంటారు. ఒకామెకు షుగరు, ఒకామె కొడుక్కి ఉద్యోగం, ఇంకొకామె కూతురికి సంబంధం. ‘ఆర్థిక ఇబ్బందులు’ అన్నది ప్రతి పేజీలోనూ కనీసం మూడు సార్లుంటుంది. ఆ రెండు మాటలు రాసుకోవడం, అందరూ కళ్లు మూసుకోవడం, ఆమెన్ అనడం. ఏళ్లుగా ఇంతే.

ఒక శుక్రవారం, సందు మొదట్లో ఇడ్లీ బండి పెట్టుకునే ఆమె లేచి, అప్పుల కోసం ప్రార్థన చేయండమ్మా అంది. కుర్చీలో కూర్చున్న రిటైర్డ్ టీచరమ్మ ఉన్నట్టుండి, ‘ఎంతమ్మా?’ అంది.

షెడ్డులో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదట. పిన్ని చెబుతుంటే నాకూ ఒళ్లు జలదరించింది. ఏదో అడగకూడనిది అడిగినట్టు అందరూ టీచరమ్మ వైపు చూశారు. ఇడ్లీ బండి ఆమె కాసేపు కొంగు చివర మడతలు పెట్టుకుని, ‘నలభై రెండు వేలండీ’ అంది. ‘అందులో వారం ఫైనాన్సు పద్దెనిమిది.’ టీచరమ్మ వదల్లేదు. వారం కార్డు తెమ్మంది. ఆ కార్డు మీద గళ్లలో సంతకాలు, కట్టలేని వారాల్లో ఎర్ర గీతలు. లెక్క చూస్తే అసలులో తగ్గింది దాదాపు ఏమీ లేదు, కట్టినదంతా వడ్డీ కిందికీ ఆలస్యపు రుసుము కిందికీ పోయింది. పదకొండు మంది కలిసి రెండు వారాల్లో పద్దెనిమిది వేలు పోగు చేశారు. దానం అనలేదు, చేబదులు అన్నారు. వారానికి 500, వడ్డీ లేదు, 36 వారాలు. మధ్యలో రెండు వారాలు ఆమె కట్టలేకపోయింది, బాబుకు జ్వరం. ఎవరూ ఇంటి మీదికి వెళ్లలేదు. 38వ వారానికి తీరిపోయింది. మిగతా ఇరవై నాలుగు వేలు ఇంకా ఉన్నాయి, అది బంగారం తాకట్టు. ఈ వ్యవహారం నచ్చక ఒకామె ఆ కూడికకు రావడం మానేసింది. ప్రార్థన చోట డబ్బు మాటలేంటని ఆమె అభ్యంతరం.

ఆ అభ్యంతరం దగ్గరే నాకు పేచీ. డబ్బు మాట దేవుడి చోట అపవిత్రమని ఏ గ్రంథం చెప్పింది? ‘మా ఋణములు క్షమించుము’ అని ఆ షెడ్డులోనే వారం వారం పరలోక ప్రార్థన చదువుతారు. ఏడేళ్లకోసారి బాకీలు విడిచిపెట్టాలని మోషే ధర్మశాస్త్రం. ముస్లింలు విధిగా ఇవ్వాల్సిన దానం, జకాత్, ఎవరికి చెందాలో చెప్పే ఎనిమిది వర్గాల్లో అప్పులపాలైనవాళ్లు ఒక వర్గమని ఖురాన్ విడిగా పేర్కొంది. బాకీదారు ఇబ్బందిలో ఉంటే వెసులుబాటయ్యేదాకా గడువివ్వమనీ, వదిలేస్తే ఇంకా మేలనీ కూడా చెప్పింది. హైదరాబాద్‌లో బైతుల్‌మాల్‌లు, అంటే ముస్లిం సాయనిధులు, వడ్డీ లేని అప్పులిస్తున్నది ఆ అధికారంతోనే. మన వైపు ఋణవిమోచన నృసింహ స్తోత్రం చదివే ఇళ్లకు లెక్కే లేదు. ఊరన్నాక ఉండాల్సినవాళ్ల జాబితా చెబుతూ సుమతి శతకకారుడు వైద్యుడికంటే, ఏటికంటే ముందు అప్పిచ్చువాణ్ని పెట్టాడు. అప్పు గురించి ఇంత తెరిచి మాట్లాడిన సంప్రదాయాలను చేతిలో పెట్టుకుని, ‘ఆర్థిక ఇబ్బందులు’ అనే మెత్తటి దుప్పటి కప్పేశాం.

అవతలివాడు అలా కప్పలేదు. అప్పిచ్చేవాడికి నీ అప్పు పైసలతో సహా తెలుసు. అంతకంటే ముఖ్యం, నువ్వెవరికి తెలియకూడదనుకుంటున్నావో వాడికి తెలుసు. 2010కి ముందు మైక్రోఫైనాన్స్ కంపెనీలు పల్లెల్లో చేసిందేమిటి? ఐదుగురు ఆడవాళ్లను గుంపు కట్టించి ఒకరికొకరిని పూచీ పెట్టించాయి. ఒకామె కిస్తీ కట్టకపోతే మిగతా నలుగురూ ఆమె గుమ్మంలో కూర్చోవాలి. ఇరుగుపొరుగు అనే దాన్ని వసూలు యంత్రంగా మార్చిన తెలివి అది. ఇంటి ముందు వసూళ్లు ఆపి పంచాయతీ ఆఫీసు దగ్గరే, అదీ నెలకోసారే తీసుకోవాలని ఆ ఏడాది అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చిందంటే వ్యవహారం ఎక్కడిదాకా వెళ్లిందో ఊహించుకోవచ్చు. ఫోన్ చేస్తే చాలు అధిక వడ్డీకి అప్పిచ్చి, ఆనక ఆడవాళ్లను వేధించిన, 2015 డిసెంబరులో బయటపడ్డ విజయవాడ కాల్‌మనీ సంగతి గుర్తు చేయక్కర్లేదు. 2020 కరోనా ఏడాది లోన్ యాప్‌లు వచ్చాయి. వాటికి గుంపు కట్టించే శ్రమ కూడా లేదు. ఫోన్లో ఉన్న కాంటాక్టులన్నీ లాక్కుని, అత్తగారికీ ఆఫీసులో బాసుకూ మార్ఫింగ్ ఫొటోలతో మెసేజీలు పెట్టారు.

మూడూ వేర్వేరు వ్యాపారాల్లా కనిపిస్తాయి గానీ తాకట్టు వస్తువు ఒక్కటే, పరువు. తెలుగువాడు కోర్టుకు భయపడడు. ప్రామిసరీ నోటు మీద సంతకం అంటే ఎడం చేత్తో పెడతాడు. నలుగురికీ తెలుస్తుందంటే మాత్రం వణికిపోతాడు. పొలం పోతే కౌలుకు చేస్తాడు, ఇల్లు పోతే అద్దెకుంటాడు, పరువు పోయిందనుకుంటే ఇంక ఉండనంటాడు. నేను చాన్నాళ్లుగా చెబుతున్నదే మళ్లీ చెబుతున్నాను, మన రెండు రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థలో అతి పెద్ద తాకట్టు దుకాణం పరువు. స్థోమతకు మించిన కాన్వెంటు ఫీజు పరువు కోసం. కన్వెన్షన్ హాల్లో నిశ్చితార్థం పరువు కోసం. పక్కవాడు కట్టాడని పై అంతస్తు పరువు కోసం. చేసిన అప్పు దాచడమూ పరువు కోసమే. ఆ దాచడానికే వందకు పది రూపాయల వడ్డీ కడుతున్నాం. డబ్బు ధర అంత ఉండదు, అందులో ఏడెనిమిది రూపాయలు గుట్టు ధర. చుట్టాన్ని అడిగితే వడ్డీ లేకుండా దొరికేది, అడగలేక వారం ఫైనాన్సువాడి దగ్గరికి పోతాం.

విచిత్రమేమిటంటే డబ్బు పోగు చేసి ఒక ఇంటిని నిలబెట్టే విద్య మనకు రాక కాదు. పెళ్లిలో చదివింపులు చూడండి. మండపం పక్కన బల్ల వేసుకుని, ఒకరు నోట్లు ఎంచుతుంటే ఇంకొకరు పేరూ ఊరూ రాస్తుంటారు. 116, 516, 1,116. ఆ పుస్తకం బీరువాలో భద్రంగా ఉంటుంది. వాళ్లింట్లో శుభకార్యం వచ్చినప్పుడు తీసి చూసి, అంతకు ఒక రూపాయి తగ్గకుండా చదివిస్తారు. పత్రం లేదు, వడ్డీ లేదు, వసూలు ఏజెంటు లేడు. ఎగ్గొట్టేవాళ్లు నూటికి ఒకరుంటే ఎక్కువ. ఇంతకంటే గట్టి సహకార పరపతి సంఘం ఏ రిజిస్ట్రార్ దగ్గర నమోదైంది? దీన్ని శుభానికే తెరుస్తాం, కష్టానికి తెరవం. పెళ్లికి ఇచ్చిన 1,116 చదివింపు, అదే ఇంట్లో ఆసుపత్రి బిల్లుకు ఇస్తే జాలి. తీసుకునేవాడికి మొదటిది గౌరవం, రెండోది చిన్నతనం. ఈ తేడాను చెరిపేయగల అధికారం ఎవరికైనా ఉంటే అది దేవుడి పేరు చెప్పుకుని కూర్చున్నవాళ్లకే ఉంది.

అప్పును నలుగురిలో చెప్పుకుంటే ఏమవుతుందో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు ఒకసారి చూపించారు. 1992లో దూబగుంట నుంచి సారా మీద లేచినవాళ్లు, ఆ ఊపులోనే రోజుకు రూపాయి పొదుపు మొదలుపెట్టారు. తాగుబోతు మొగుణ్ని దాచినన్నాళ్లూ ఎవరి బాధ వాళ్లది. బజార్లో చెప్పుకున్నాక అందరి బాధ. ఆ తర్వాత పొదుపు సంఘాలను సర్కారు అక్కున చేర్చుకుంది, బ్యాంకు లింకేజీ వచ్చింది, మేలు జరిగింది, కాదనను. కానీ ఇప్పుడు సంఘం మీటింగంటే కిస్తీ రోజు. ఒకరి కష్టం ఒకరు వినే గుంపు, ఒకరి బాకీ ఒకరు కాపలా కాసే గుంపుగా మారింది. ఆ పాత కూర్చోవడం మళ్లీ ఎక్కడైనా మొలవాలంటే సంతకాలతో పని లేని చోట మొలవాలి.

దీనికి అడ్డు చెప్పేవాళ్లున్నారు. అప్పుల నుంచి గట్టెక్కించడం ప్రభుత్వం పనంటారు, సాయం పేరుతో మతాలు మారుస్తారంటారు. మొదటిది నిజమే. ప్రభుత్వం చేసేలోపు ఇడ్లీ బండి అమ్ముకోవాల్సి వస్తుంది, అంతే. రెండోదానికి ఒంగోలులో పాత జవాబు ఉంది. 1876-78 కరువులో అక్కడి బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి చూపించాడు. ఆ సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు, గంజి కోసం మారారన్న మాట రాకూడదని. కరువు తీరాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. ఆ సంఖ్య మీద ఎవరి అభిప్రాయం వాళ్లది. నాకు కావాల్సింది దానికి ముందు భాగం. చేయి అందించేటప్పుడు పేర్లు రాసుకోనని ఒట్టు పెట్టుకోవచ్చు, పెట్టుకున్నవాళ్లు ఉన్నారు.

డబ్బెక్కడిదని మాత్రం ఎవరూ అడగకండి. తిరుమల హుండీకి ఏటా వెయ్యి కోట్లకు పైనే వస్తోంది, అది సరే, అంత దూరం పోవద్దు. 1987 దేవాదాయ చట్టంలో సర్వశ్రేయోనిధి అని ఒకటుంది. పేరు ఎంత గొప్పగా ఉంది! ఖర్చయ్యేది మాత్రం ముఖ్యంగా పాత గుళ్ల జీర్ణోద్ధరణకు. గోపురానికి పగులొస్తే నిధి ఉంది, భక్తుడి ఇంటికి పగులొస్తే లేదు. బాలాపూర్ గణేశుడి లడ్డూ 1994లో 450 రూపాయలకు పాడుకున్నారు. 2024లో అదే లడ్డూ 30 లక్షల వెయ్యి. చర్చిల్లో దశమభాగం కవర్లు ఏ ఆదివారమూ ఆగవు. చిన్న పట్నంలో ఒక వీధి వినాయకుడికి లేచే చందాలో పదో వంతు పక్కన పెట్టినా ఏడాదికి ఒకరిద్దరి వారం కార్డులు చించేయొచ్చు.

ఏం చేయాలో పెద్ద పథకమేమీ అక్కర్లేదు. ఒక పుస్తకం, దాన్ని చూసే ముగ్గురు, వాళ్లలో ఇద్దరు ఆడవాళ్లు. పేర్లు మైకులో చదవకూడదు. ఇరవై వేలకు మించి ఇవ్వకూడదు, వడ్డీ తీసుకోకూడదు, చేబదులు అనే అనాలి. ముందుగా అధిక వడ్డీ కార్డే తీర్చాలి. అన్నిటికంటే ముందు, ‘ఇబ్బందులు’ అన్న ప్రతిసారీ ఎవరో ఒకరు ‘ఎంత?’ అని అడగాలి.

పోయిన చవితికి మా వీధి కమిటీలో ఈ మాట ఎత్తాను. చందా పుస్తకంలో చివరి నాలుగు పేజీలు ఇలాంటి చేబదుళ్లకు ఉంచుదామండీ అని. అధ్యక్షుడుగారు మంచివాడు, శ్రద్ధగా విన్నారు. ‘ముందే చెప్పాల్సింది మాస్టారూ, డీజేకి అడ్వాన్సు ఇచ్చేశాం’ అన్నారు. సరే అన్నాను. తర్వాత బయటికొచ్చి చెప్పులేసుకుంటుంటే, కమిటీలో ఏనాడూ నోరెత్తని కోశాధికారి నా పక్కకొచ్చి, చుట్టూ ఒకసారి చూసి, ‘ఆ నాలుగు పేజీలు ఎప్పటి నుంచి మొదలెడదామంటారు?’ అని గొంతు తగ్గించి అడిగాడు.

నేను ‘ఎంత?’ అన్నాను.