ముద్ర వేయించుకున్నవాడిదేనా బాణీ?

‘టైగర్ ర్యాగ్’, స్వరకర్త నిక్ లరోకా, 1917. పాటల యాప్‌లూ, పాత రికార్డులను మళ్లీ విడుదల చేసే కంపెనీలూ ఆ జాజ్ బాణీకి కళ్లు మూసుకుని అతికిస్తున్న చీటీ ఇది. ఏటా ఏప్రిల్ 30న జాజ్ దినోత్సవం పేరిట ఇదే చీటీ ఊరంతా తిరుగుతుంది. ఇందులో ఏడాది సరైనదే. స్వరకర్త అన్న మాటే పచ్చి అన్యాయం.

న్యూఆర్లియన్స్ బ్యాండ్లు వేర్వేరు పేర్లతో అప్పటికే వాయిస్తున్న బాణీని ఒరిజినల్ డిక్సీలాండ్ జాజ్ బ్యాండ్‌కు చెందిన లరోకా సహా అయిదుగురు శ్వేతజాతీయులు తమదిగా నమోదు చేయించుకున్నారు. తెలిసిన కథే. మా ఆందోళన ఆ నమోదు నెలకొల్పిన ఆనవాయితీ గురించి. రికార్డింగు గదికీ, కాపీరైట్ ఆఫీసుకూ ముందుగా చేరినవాడే సృష్టికర్త అయిపోతాడా? వాళ్లు వాయించకపోతే ఈ బాణీ అంత త్వరగా దేశాలు దాటేది కాదన్న వాదన ఉంది. నిజమే కావచ్చు. మోసుకెళ్లినవాడికి కూలి ఇస్తాం, పొలం రాసివ్వం.

రికార్డుల సంగతే చూడండి. తొలిసారి 1917 ఆగస్టులో ఏయోలియన్ కంపెనీకి వాయించారు. ఆ డిస్కుల్లో గాడి పక్కలకు ఊగదు, లోతు పెరుగుతూ తగ్గుతూ సాగుతుంది. విక్టర్ అనే పోటీ కంపెనీ డిస్కులు పలికే మామూలు గ్రామఫోన్ మీద అది సరిగా పలకదు. ఈనాటి స్టీరియో కార్ట్రిడ్జితో, అంటే ముల్లు కదలికను రెండు చానళ్ల ధ్వనిగా మార్చే భాగంతో వినబోయి, రెండు చానళ్లనూ ఉన్నవున్నట్టు మోనోగా కలిపితే సంగీతం తనను తానే కొట్టేసుకుని గరగర మిగులుతుంది. ఒక చానల్ తీగలు తిరగేసి కలిపితేనే బ్యాండు బయటికొస్తుంది. తర్వాతి కాలపు ఎల్పీ రికార్డుల ముల్లూ పనికిరాదు, దానికి సుమారు మూడు రెట్ల మొన కావాలి.

లోకం విన్నది 1918 మార్చి 25న విక్టర్‌కు మళ్లీ వాయించిన 18472 నంబరు డిస్కు. మైకులు లేని కాలం. వాద్యాల మోతంతా ఒక కొమ్ములోకి వెళ్లి, మైనపు పలక మీద సూదిని కదిలించాలి. పెద్ద డ్రమ్ము గట్టిగా మోగితే సూది ఎగిరి గాడి చెడుతుంది. గట్టి వాద్యాలను కొమ్ముకు దూరంగా నిలబెట్టాలి. పది అంగుళాల డిస్కులో పట్టేది సుమారు మూడు నిమిషాలు. కాబట్టి మనం ‘అసలు’ అంటున్నది కొమ్మూ, మైనమూ, గడియారమూ కత్తిరించి ఇచ్చిన రూపం. డాన్సు హాళ్లలో మోగినది అది కాదు. దాన్ని చూపించి కర్త ఎవరో తేలుస్తారా?

వేగమైనా అంతే. నిమిషానికి 78 చుట్లు అన్నంత మాత్రాన ప్రతి డిస్కూ సరిగ్గా 78 కాదు. ఆరు శాతం ఎక్కువ తిప్పితే శ్రుతి అర మెట్టు పైకి పోతుంది, ఏ ఫ్లాట్‌లో (పాశ్చాత్య శ్రుతుల్లో ఒకటి) ఉండాల్సిన చివరి భాగం ‘ఏ’ శ్రుతిలో వినిపిస్తుంది, మూడు నిమిషాల డిస్కు పది సెకన్ల ముందే ముగుస్తుంది. శ్రుతి సరిచూసుకోకుండానే డిజిటల్ చేసి అమ్మేవాళ్లకు స్వరకర్త పేరు మీద మాత్రం అంత ధీమా ఎక్కడిది?

ఇక కపటం. 1917 ఫిబ్రవరి 26న అదే బృందం విక్టర్‌కు వాయించిన ‘లివరీ స్టేబుల్ బ్లూస్’ హక్కు ఎవరిదని షికాగోలో దావా నడిచింది. జడ్జి జార్జ్ కార్పెంటర్ ఇరుపక్షాల హక్కునూ కొట్టేశారు. అదే డిస్కు రెండో వైపున నల్లజాతి స్వరకర్త జో జోర్డన్ ‘దట్ టీజిన్ ర్యాగ్’ ముక్క దొర్లింది. జోర్డన్ దగ్గర అచ్చయిన స్వరలిపి ఉంది, నిలదీశారు, విక్టర్ లేబుల్ మార్చి ఆ పేరు చేర్చింది. కాగితం ఉన్నాయనకు చోటు దొరికింది. కాగితం లేని వీధి బ్యాండ్ల బాణీ మాత్రం అయిదుగురి ఆస్తిగా మిగిలింది.

1938లో న్యూఆర్లియన్స్ పియానో కళాకారుడు జెల్లీ రోల్ మోర్టన్ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో పియానో ముందు కూర్చుని, క్వాడ్రిల్ అనే పాత ఫ్రెంచ్ నృత్య సంగీతం నుంచి ‘టైగర్ ర్యాగ్’ ఎలా వచ్చిందో భాగం తర్వాత భాగం వాయించి చూపారు. పులి గాండ్రింపుకు మోచేత్తో మంద్రపు మెట్లు నొక్కారు. దాన్ని మలిచింది తానేనన్న ఆయన మాటనూ మేం పూర్తిగా నమ్మం. కానీ ఒకరి గొప్పకు సర్కారు ముద్ర ఉంది, ఇంకొకరిదానికి లేదు. జాజ్ పుట్టుకలో నల్లవారి పాత్రే లేదని లరోకా తర్వాతి రోజుల్లో వాదించారంటే, ఆ తెగువ ముద్ర ఇచ్చిందే. 1929లో బ్యాండ్ నాయకుడు డ్యూక్ ఎలింగ్టన్, 1931లో గాయక బృందం మిల్స్ బ్రదర్స్, 1933లో పియానో వాద్యకారుడు ఆర్ట్ టాటమ్ దాన్ని ఎంత కొత్తగా మలిచినా హక్కు 1917 నాటి కాగితానిదే.

ఇప్పుడు డబ్బు అడ్డమూ లేదు. అమెరికాలో 1923కు ముందటి రికార్డులన్నీ 2022 జనవరి 1 నుంచి ప్రజల సొత్తు. ‘న్యూఆర్లియన్స్ సంప్రదాయ బాణీ, 1917లో నమోదు’ అని రాయడానికి ఏం బరువు? మన పల్లె పాట సినిమాకెక్కి ‘జానపదం’ అన్న మాట రాలిపోతే గొంతు చించుకునే మన సంగీతాభిమానులు, జాజ్ దినోత్సవం నాడు ఇదే చీటీని కళ్లకద్దుకుని పంచడం సిగ్గుచేటు. వచ్చే ఏప్రిల్ 30 లోపు ఆ పంక్తి దిద్దండి. దిద్దలేకపోతే స్వరకర్త గడి ఖాళీగా వదిలేయండి.