కురుసుర కనిపిస్తే చాలు, పరుగే

మేధో వైకల్యం ఉన్న పిల్లలకు వ్యాయామంతో ఆందోళన, దిగులు తగ్గుతాయన్న ఒక వ్యాసం చదువుతుంటే మా తమ్ముడే కళ్లముందు మెదిలాడు. వాడికి 17 ఏళ్లు. టెన్షన్ వస్తే చొక్కా కాలర్ నములుతూ కూర్చునేవాడు, ఏమైందో చెప్పలేడు. ఏడాదిగా పొద్దున్నే విశాఖ బీచ్ రోడ్డుకి తీసుకెళ్తున్నాను. ఆ వేళ వాహనాలు ఆపేస్తారు కాబట్టి హారన్ల భయం లేదు. కాళీమాత గుడి దగ్గర మొదలుపెడతాం. ఒడ్డున మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ కనిపించగానే నా చెయ్యి వదిలి పరుగు! ఇప్పుడు కాలర్లు తడవడం లేదు, రాత్రి నిద్ర పడుతోంది. మందులు మాత్రం డాక్టర్ చెప్పినట్టే వాడుతున్నాం.

వైకల్యం ఉన్న 5–17 ఏళ్ల పిల్లలకూ రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే చెప్పింది. మావాడి పాత బడిలో మాత్రం ఆటల పీరియడ్ రాగానే బెంచీ మీద కూర్చోబెట్టేవారు, పడిపోతాడేమోనని. రెండేళ్లు అలాగే కూర్చున్నాడు.