బ్రెడ్‌బోర్డు బాబు గారికి, బరంపురం నుంచి దండాలు

అయ్యా బ్రెడ్‌బోర్డు బాబు గారూ,

నొక్కితే పలికే, తాకితే వెలిగే ప్రోటోటైపులు చేయడం డిజైన్ పిల్లలకు నేర్పే మేమంతా కలిసి పెట్టుకుంటున్న అర్జీ ఇది. అతికించే పని లేకుండా తీగలు గుచ్చి సర్క్యూటు కట్టి చూసుకునే చిల్లుల పలకగా తమరు చుట్టంచూపుగా రెండు రోజులకని వచ్చారు. సెమిస్టరంతా తిష్ఠ వేశారు. ఇప్పుడు ఎగ్జిబిషన్ బల్ల మీద కూడా తమరే కూర్చుంటున్నారు.

తమరి వంశం గొప్పదే. తొలినాటి రేడియో పిచ్చివాళ్ళు రొట్టె కోసే చెక్క మీద మేకులు కొట్టి తీగలు చుట్టుకున్నారు కనుక ఈ పేరు. మా వైపు పుట్టి ఉంటే కత్తిపీట అనేవాళ్ళం. తమరి గుణానికి అదే నప్పేది.

ఒంటి నిండా 830 చిల్లులు, చిల్లుకీ చిల్లుకీ 2.54 మిల్లీమీటర్ల ఎడం. అడ్డంగా ఐదేసి చిల్లులకు లోపల ఒకే రేకు. లైను ఇళ్ళలో ఐదు గుమ్మాలకూ ఒకే కుళాయి అన్నమాట. నడిమి కాలవ దాటితే వేరే కుళాయి. ఇంతవరకూ న్యాయమే. అంచుల్లో ఎర్ర గీత, నీలి గీతల పక్కన కరెంటు పంచే పొడవాటి పట్టాల దగ్గరే పేచీ. చాలా బోర్డుల్లో ఆ పట్టాలు సగంలో తెగి ఉంటాయి. కొన్నిటి మీద గీత కూడా అక్కడే ఆగుతుంది, కొన్నిటి మీద ఏమీ ఎరగనట్టు సాగిపోతుంది. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగు పెడితే కనీసం దుకాణాల మీద లిపి మారుతుంది. తమరి సరిహద్దుకు ఆ మర్యాదా లేదు. ఎడమ సగంలో 5 వోల్టులు, కుడి సగంలో సున్నా, పిల్లలేమో ప్రోగ్రాం తప్పనుకుని మూడుసార్లు తిరగరాస్తారు. మల్టీమీటరును బీప్ మీద పెట్టి పట్టా రెండు చివర్లూ తాకితే అర నిమిషంలో తేలిపోతుంది. బీప్ రాకపోతే మధ్యలో చిన్న తీగతో వంతెన వేయాలి.

మా పాఠం బస్టాండులో పెట్టే మాట్లాడే పెట్టె. తెలుగు, ఒడియా, హిందీ అని మూడు బటన్లు. లోపల మన ప్రోగ్రాంను నడిపే చిన్న బోర్డు ఆర్డునో యూనో (ఆర్డునో వంశం 2005లో ఇటలీలోని ఇవ్రియాలో పుట్టింది, అదీ డిజైన్ విద్యార్థుల కోసమే), మెమరీ కార్డులోని ఆడియో ఫైళ్ళు వినిపించే డీఎఫ్‌ప్లేయర్ మినీ, 8 ఓమ్‌ల స్పీకరు.

బటనుకు నాలుగు కాళ్ళు. రెండేసి కాళ్ళు లోపల ఎప్పుడూ కలిసే ఉంటాయి. అడ్డం తిప్పి గుచ్చితే ఎవరూ నొక్కకపోయినా నొక్కినట్టే. ఎదురెదురు మూలల కాళ్ళు వాడితే ఈ బెడద ఉండదు. ఒక కాలు ఆర్డునో పిన్నుకు, రెండోది గ్రౌండుకు, ప్రోగ్రాంలో ఇన్‌పుట్ పుల్అప్ (నొక్కనప్పుడు పిన్నును 5 వోల్టుల వైపు పట్టి ఉంచే ఏర్పాటు). పుల్అప్ మరిచిపోతే గాల్లో వేలాడే పిన్ను పూనకం వచ్చినట్టు తనంతట తానే పలుకుతుంది.

ఒక్క సంగతి తమరి తప్పు కాదు, ఒప్పుకుంటాం. మామూలు ప్లే కమాండు ఇస్తే ప్లేయరు ఫైళ్ళ పేర్లు చూడదు, కార్డులోకి ఏ వరుసలో కాపీ చేశారో చూస్తుంది. ఒడియా ఫైలు ముందు ఎక్కితే తెలుగు బటను ఒడియాలో పలకరిస్తుంది. మా ఊళ్ళో అదేం వింత కాదు గానీ, మార్కులు పోతాయి. ఎంపీ3 అనే ఫోల్డరులో 0001, 0002, 0003 అని పేర్లు పెట్టి, ఆ ఫోల్డరు నుంచే ప్లే చేయించాలి. ఆర్డునో నుంచి ప్లేయరు ఆర్ఎక్స్‌కు (ఆదేశాలు అందుకునే పిన్నుకు) వెళ్ళే తీగలో 1 కిలో ఓమ్ రెసిస్టరు పెడితే బరబర తగ్గుతుంది.

మాట మొదలవగానే స్పీకరు ఒక్క గుక్కలో కరెంటు లాగుతుంది. అప్పుడు మళ్ళీ తమరి ప్రతాపం. లావు కాళ్ళు గుచ్చి గుచ్చి లోపలి రేకు స్ప్రింగులు వదులైపోయాయి, పైగా గోపాల్‌పూర్ ఉప్పుగాలి. పట్టు లేని చోట వోల్టేజీ పడిపోతుంది, యూనో రీసెట్ అవుతుంది, పెట్టె "నమ–" దగ్గర ఆగి మళ్ళీ "నమ–" అంటుంది. ప్లేయరు పవరు పిన్నుల దగ్గర కాస్త కరెంటు దాచిపెట్టి అవసరానికి అందించే 470 మైక్రోఫారడ్ కెపాసిటరు (గీత ఉన్న వైపు గ్రౌండుకు) పెడితే కొంత నయం. జ్యూరీ ముందు ఒక వేలితో వైరు అదిమి పట్టుకుని, రెండో చేత్తో బటను నొక్కి చూపించే పిల్లలకు మాత్రం ఏ కెపాసిటరూ దిక్కు కాదు. ఆ వేలు కూడా డిజైన్‌లో భాగమేనా అని అడుగుతారు మరి.

కనుక మా విన్నపం: తమరి దగ్గర రెండు రోజులే. గుచ్చేది 22 గేజి ఒంటి తీగే. మూడో రోజు, తమరి చిల్లుల వరుసే ఉన్న సోల్డరు బోర్డు మీదికి మకాం. సోల్డరింగ్ ఐరన్ 350 డిగ్రీల దగ్గర, ఒక్కో అతుకుకు రెండు మూడు సెకన్లు. బయటి బటన్ల తీగలకు పెట్టె లోపలే ఒక ముడి వేస్తే, బస్సు తప్పిపోయిన వాళ్ళ గుద్దులు అతుకుల దాకా రావు.

ఇట్లు,
తమరి బాధితులు

తా.క.: ఫోను ఛార్జింగుకు తప్ప పనికిరాని యూఎస్‌బీ కేబులు తమరి మేనల్లుడేనట. బోర్డు మీద లైటు వెలుగుతుంది, లాప్‌టాప్‌లో పోర్టు మాత్రం కనబడదు. ఆయనకు వేరే లేఖ రాస్తున్నాం.